దాటని పదకొండు

దేవరకొండ డిగ్రీ కాలేజీ ఆఫీసులో
జహంగీర్ సార్ కళ్లద్దాలు తుడుచుకొని
రసీదు పుస్తకంలో కార్బన్ కాగితం సర్దిండు.
"మైగ్రేషన్ సర్టిఫికెటా? ఎవరికి?"
నాకే సార్.
"డిగ్రీ అయిపోలేదు గదా?"
సగంలనే మారుతున్న సార్, పెద్ద యూనివర్సిటీకి.
తలెత్తి చూసిండు గని
రాసుడు మాత్రం ఆపలే.

మా తాత బొంబాయిలో తట్ట మోసిండు.
చిన్నాయన సూరత్ మగ్గాల కాడ చెవులు పోగొట్టుకున్నడు.
మేనత్త చెరుకు కొట్టను
ఊరి పేరు సరిగ్గ పలకరాని చోటికి పోయొచ్చింది.
ఎవరూ వాళ్లను కాగితం అడగలే.
వలసకు సర్టిఫికెట్ ఉంటదని
మా ఇంట్ల మొదట తెలిసింది నాకే.
ఫీజు కట్టిన.

నాలుగు సెమిస్టర్ల సిలబస్సు,
పేజీ పేజీకి గుండ్రటి ముద్ర.
సిరా ఆరకముందే మడతపెడితే
ఎదుటి పేజీ మీద తిరగబడి అచ్చయింది.
ఒక్క యూనిట్‌కు రెండు సాక్ష్యాలు.

అంగడి రోజు. మాల్ కాడ బస్సు
ఆగి ఆగి కదిలింది.
కిటికీ అవతల ఒకాయన
కోడె నోట్ల చెయ్యి పెట్టి పళ్లు చూస్తున్నడు.
ఎన్ని చెలకలు దున్నిందో అడగలే.
కోడె కూడ చెప్పలే.

యూనివర్సిటీలో ముగ్గురు కూసున్నరు.
మంచోళ్లే. నీళ్లు తాగుతవా అమ్మా అన్నరు.
మా సిలబస్ వాళ్ల సిలబస్ పక్కన పరిచి
స్కేలు ఆనించి వరుస వరుస దిగిన్రు.
ఎనబైలో అరవై తొమ్మిది దాటినయి.

ఫిజికల్ కెమిస్ట్రీ ఐదు పోయినయి.
వాళ్ల మూడో యూనిట్ మా దాంట్ల లేదు.
నిజమే, లేదు.
ఆ యేడు సారే లేడు,
మాకు మేమే బోర్డు మీద చెప్పుకున్నం.

పుట్టగొడుగుల పెంపకం రెండు.
ఒకాయన నవ్వబోయి ఆపుకున్నడు, నేనే నవ్విన.
ఆ ఉడకబెట్టిన గడ్డి వాసన
నా చున్నీకి ఇంకా ఉన్నది.

ప్రాజెక్టు నాలుగు.
"దీనికి సమానమైంది మా దగ్గర లేదమ్మా."

ఆ మాటను రెండు తీర్ల వినొచ్చు.
రెండో తీరు నాకు తిరుగు బస్సుల వినబడ్డది.

మర్రిగూడ దిక్కు నలబై ఒక్క బోరు.
ముడావత్ చాందిని స్కూటీ,
నా ఒడిల సీసాల గలగల.
ఎర్రటి మందుల నీళ్లు పోసి ఎదురుచూసుడు:
పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఉన్నట్టు.
ఎరుపు ఎరుపుగనే ఉండాలని
ఏ పరీక్షలనూ అంతగనం కోరుకోలే.
పసుపే తిరిగింది, ఊరు ఊరుకూ.
ఇరవై ఏడో బోరు కాడ ఎల్లమ్మ
సీసా దిక్కు చూసి
"రంగు కోసం గింత దూరమొచ్చినవా బిడ్డా,
నా మోకాళ్లను అడిగితే చెప్పకపోవునా" అన్నది.
రికార్డుల రిమార్కుల గడిల
ఆ మాట ఉన్నదున్నట్టు రాసిన.
బాలనర్సింహ సార్ ఎర్ర పెన్ను పట్టుకొని
చాలాసేపు చూసిండు.
కొట్టెయ్యలే.

ఒప్పుకున్న. సంతకం పెట్టిన.
ఐదు క్రెడిట్లు మళ్లీ రాస్త,
ఆ మూడో యూనిట్ల ఏమున్నదో నాకూ చూడాలనే ఉన్నది.
పుట్టగొడుగులు మా అమ్మ పెంచుతది.
మరి ఆ నాలుగు?

టీసీ కోసం మళ్లీ కాలేజీకి పోయిన రోజు
ల్యాబ్ తలుపు సగం తెరిచి ఉన్నది.
సెకండియర్ అంజుమ్
నా రికార్డు ముందట పెట్టుకొని
కొత్త సీసాకు చీటీ అంటిస్తున్నది.
"అక్కా, నీ తర్వాత నలబై రెండే గదా?"
అవును.
మూత గట్టిగ పెట్టు,
స్కూటీ మీద కారుతది.